గిటారు గరగరలకు అట్టముక్క వైద్యమా?

మన హాస్టళ్ళలో ఏ గిటారు తీగ గరగరమన్నా తీర్పు ఒక్కటే: "శాడిల్ కింద అట్టముక్క దూర్చి తీగలు ఎత్తెయ్యరా!" ఈ వైద్యానికి నేను బద్ధవిరోధిని. గరగర ఆగుతుంది, నిజమే. కానీ ఎత్తైన తీగల్ని నొక్కలేక కొత్త కుర్రాడి వేళ్ళు బొబ్బలెక్కుతాయి, నెల తిరక్కుండా గిటారు అటకెక్కుతుంది.

ముందు జబ్బెక్కడో చూడాలి కదా! వట్టి తీగ మీటినప్పుడే గరగరమంటే నట్ గాడి అరిగి లోతైందన్నమాట. ఒక్క ఫ్రెట్టు దగ్గరే అయితే దాని తర్వాతది లేచి ఉండొచ్చు. మొదటి నాలుగైదు ఫ్రెట్లలోనూ వినిపిస్తే మెడ వెనక్కి వంగిందేమో అనుమానించాలి. లావుతీగను 1వ ఫ్రెట్టు దగ్గరా, 14వ ఫ్రెట్టు దగ్గరా ఒకేసారి నొక్కి చూడండి. నడుమ ఇంచుమించు పావు మిల్లీమీటరు సందుండాలి. బొత్తిగా లేకపోతే మెడలోపలి కడ్డీని, అదే ట్రస్ రాడ్‌ను, పావుచుట్టు మించకుండా వదులుచేసి, మళ్ళీ శ్రుతిచేసి చూడాలి. (కొన్ని చౌకరకాల్లో ఆ కడ్డీ తిరిగి చావదు, అది వేరే ఏడుపు!) ఎండాకాలపు పొడిగాలికి పైపలక కుంగినా తీగలు దిగుతాయి. అప్పుడు ఆకురాయి పట్టడం శుద్ధ తొందరపాటు.

యూనియన్ గదిలోని రెండు గిటార్లను వేలం వేద్దామంటున్నారు. ఆ కాగితం మీద సంతకాలయ్యేలోగా ఓ ఆదివారం వాటిని నాకు అప్పగించండి.