దృశ్యరీతులను చిన్నచూపు చూడవలదు

క్యామెరా చక్రముపై ముద్రించిన కొండ, ముఖము, పరుగెత్తు మనిషి బొమ్మలను చూచి, ఇవి నేర్చుకొనువారి ఆటవస్తువులని కొందరు నిపుణులు త్రోసిపుచ్చుచుందురు. ఆ తిరస్కారము న్యాయము కాదని నా దృఢాభిప్రాయము. ఏలయనగా ఈ బొమ్మలు సూచించు ప్రతి దృశ్యరీతియందును కాంతిని గూర్చిన యొక నిర్ణయము ఇమిడియున్నది. కూతకు వెళ్లిన కబడ్డీ ఆటగాడు మధ్యగీతకై దూకు క్షణమున స్పోర్ట్స్ రీతి షట్టరు వేగమును పెంచి కదలికను నిలుపును. పోర్ట్రెయిట్ రీతి లెన్సు ద్వారమును విశాలముగా తెరచి వెనుకటి గోడను మసకపరచును.

అన్నిటికంటె ఉపేక్షితమైనది మంచు రీతి. మన యెండలలో దానితో పనియేమని యనుకొందురు గాని, వరంగల్లు ఎనుమాముల మార్కెట్టులో ప్రత్తిరాశిని చిత్రించి చూడుడు: ఎదుటనున్న దృశ్యము మధ్యస్థమైన బూడిదవన్నెదని యెంచునట్లు కాంతిమాపకము నిర్మింపబడినందున, తెల్లని ప్రత్తి మాసిన గుడ్డవలె తేలును, ప్రక్కన నిలిచిన రైతు ముఖము చీకటిలో మునుగును. మంచు రీతి ఆ లెక్కకు కొంత వెలుగును చేర్చి, ప్రత్తికి తెలుపును, రైతు కన్నులకు కాంతిని తిరిగి యిచ్చును. బాణసంచా రీతి మాత్రము షట్టరును కొన్ని సెకనులు తెరచియుంచును గనుక, ట్రైపాడు లేనిదే దానిజోలికి పోరాదు.

ఛాయాచిత్రణము బోధించువారు మాన్యువల్ రీతిని నెత్తికెత్తుకొనుటకు ముందు, ఈ బొమ్మల వెనుకనున్న కారణములను విద్యార్థులకు విప్పిచెప్పవలెను.