స్కౌట్ పిల్లలకు వంట సామాను ఏది?

వానాకాలం పంట ఇంటికి చేరి, పొద్దుటి మంచు మొదలైందంటే బడులలో స్కౌట్స్ అండ్ గైడ్స్ శిబిరాల మాట వినబడుతుంది. గార్ల పరిసరాలలో శిబిరానికి చోటు వెతుక్కోవలసిన పని లేదు. చెరువు కట్టలున్నాయి, రాంపురం వైపు పాకాల ఏరు ఉన్నది, పక్కనే బయ్యారంలో కాకతీయుల నాటి చెరువు ఉన్నది. రైలు స్టేషన్ ఊళ్లోనే ఉన్నది. 2016 అక్టోబరులో మనం ఖమ్మం జిల్లా నుంచి మహబూబాబాద్ జిల్లాకు మారినా చెట్టు నీడ, ఏటి ఇసుక ఎక్కడికీ పోలేదు. శిబిరానికి గుడారాలు వస్తున్నాయి, జెండా వస్తున్నది, మెడలో స్కార్ఫులు, ఈలలు వస్తున్నాయి. రానిది వంట సామాను ఒక్కటే.

ఈ విలేకరి చూసిన శిబిరాలలో జరుగుతున్నది ఇది. ముందు రోజు సాయంత్రం ఒక ఆటోలో టెంట్‌హౌస్ సామాను దిగుతుంది. నూరు మంది పెళ్లి భోజనానికి సరిపోయే గుండిగలు, మనిషి ఎత్తు తెడ్లు, పెద్ద గ్యాస్ పొయ్యి. వాటిని పన్నెండేళ్ల పిల్లవాడు కదిలించలేడు. కనుక వంటమనిషిని మాట్లాడతారు. పిల్లలు పళ్లాలు పట్టుకొని వరుసలో నిలబడతారు, తింటారు, పోతారు. మధ్యాహ్న భోజనానికి రోజూ బడిలో చేసేది ఇదే. దీనికి గుడారం వేయడమెందుకు?

స్కౌటు ఉద్యమం పుట్టుకలోనే దీనికి జవాబున్నది. 1907లో ఇంగ్లండులోని బ్రౌన్‌సీ ద్వీపంలో బేడెన్ పావెల్ ఇరవై మంది వరకు పిల్లలతో తొలి శిబిరం పెట్టినప్పుడు వారిని చిన్న చిన్న జట్లుగా విడదీశాడు. మన దేశంలో 1950 నవంబరు 7న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ ఏర్పడిన తర్వాత కూడా ఆ పద్ధతే నిలిచింది. ఆరు నుంచి ఎనిమిది మంది ఒక జట్టు. జట్టుకు ఒక నాయకుడు. జట్టు తన పొయ్యి తాను పెట్టుకోవాలి, తన కూడు తాను వండుకోవాలి. రెండు అగ్గిపుల్లలకు మించకుండా నిప్పు రాజేయడం, ఆరుబయట వండటం స్కౌటు పరీక్షలలో పాత అంశాలు. గిన్నె లేకుండా వండటం కూడా ఒక విద్యగా నేర్పుతారు. గెనుసుగడ్డను నిప్పుల బూడిదలో కప్పడం, చేలో పల్లికాయ కాల్చుకొని తినడం ఎరిగిన మనకు ఈ విద్య కొత్తదేమీ కాదు. వెదురు బొంగులో కూర వండే కోయ పల్లెలు మనకు దూరంలో లేవు.

నిజం చెప్పాలంటే శిబిరం వంట మన ఊళ్లకు పుట్టుకతో వచ్చినదే. రెండేళ్లకోసారి మేడారం జాతరకు ఎడ్లబండి కట్టుకొని పోయిన పెద్దలను అడగండి. ఏయే గిన్నె ఏ గిన్నెలో ఇమిడిపోతుందో, ఉప్పు కారం ఏ మూటలో ఉండాలో, మూడు రాళ్లకు గాలి ఎటు నుంచి రావాలో వారు నిద్రలో అడిగినా చెబుతారు. ఎడ్ల మీద ధాన్యం వేసుకొని దేశమంతా తిరిగిన లంబాడీల తాతలకు ఇల్లే ఒక శిబిరం. పొలానికి పోయే రైతు ఎండిన సొరకాయ బుర్రలో నీళ్లు పట్టుకుపోయేవాడు. ఇంగ్లీషు సైన్యం వాళ్లు శిబిరంలో వండే గిన్నెను ‘డిక్సీ’ అంటారు. ఆ మాట మన దేశపు ‘దేగ్చీ’ నుంచి వెళ్లినదే. మనం డేక్సా అంటున్నదీ దానికి చుట్టమే.

అయితే ఆ విద్య పెద్దల దగ్గరే ఆగిపోతున్నది. 1999లో దీపం పథకం వచ్చినప్పటి నుంచి ఇళ్లలో గ్యాస్ పెరిగింది. అది మంచిదే. పొగలో కళ్లు పోగొట్టుకున్న తల్లులను చూసినవారెవరూ కట్టెల పొయ్యి తిరిగి రావాలని కోరరు. కాని నిప్పు దగ్గర ఎలా మసలుకోవాలో ఇంట్లో నేర్చుకునే అవకాశం పిల్లలకు పోయింది. నేర్పే చోటు స్కౌటు శిబిరం ఒక్కటే మిగిలింది. అక్కడా వంటమనిషినే పెడితే ఇక వారు ఎక్కడ నేర్చుకుంటారు?

ఈ విలేకరి తొమ్మిదో తరగతిలో ఇటువంటి శిబిరానికే వెళ్లాడు. ఆ బడి పేరు ఇక్కడ అవసరం లేదు. నాలుగు జట్లకు కలిపి ఒకటే పెద్ద గుండిగ వచ్చింది. అన్నం ఉడికింది. గంజి వార్చాలి. పట్టుకోవడానికి సరైన బట్ట లేక ఇద్దరు పిల్లలు తమ తువ్వాళ్లు చుట్టి పట్టుకున్నారు. తడి తువ్వాల గుండా వేడి ఒక్కసారిగా తగిలి ఒకడు చేయి వదిలేశాడు. గంజి రెండో వాని పాదం మీద పడింది. ఎవరో పరుగున పోయి పళ్లపొడి పేస్టు తెచ్చి పూశారు. చర్మం ఊడి వచ్చింది. ఆ స్నేహితుడు చాలా రోజులు బడికి రాలేదు, తర్వాత ఏ శిబిరానికీ రాలేదు. కాలిన చోట వెంటనే చల్లటి నీటి ధార ఇరవై నిమిషాల పాటు పోయాలని, పేస్టు, సిరా, నెయ్యి వంటివి పూయరాదని మాకప్పుడు చెప్పినవారు లేరు. తప్పు ఎవరిదని ఇప్పుడు అడగడం దండగ. గుండిగ పెద్దది, పిల్లలు చిన్నవాళ్లు.

కావున మొదట తేల్చుకోవలసింది గిన్నె కొలత. మధ్యాహ్న భోజన పథకంలో ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు పూటకు 150 గ్రాముల బియ్యం, 30 గ్రాముల పప్పు, 75 గ్రాముల కూరగాయలు లెక్క. పొద్దంతా నడిచి, గెంతి, కట్టెలు మోసిన పిల్లవాడు అంతకంటే ఎక్కువ తింటాడు. 200 గ్రాములు వేసుకుందాం. ఎనిమిది మందికి కిలో ఆరు వందల గ్రాములు. దానికి పది లీటర్లు పట్టే గంజు చాలు. పప్పుకు ఐదు లీటర్లది ఒకటి. ఇద్దరు పిల్లలు చెరొక చెవి పట్టుకొని సులువుగా దించగల బరువు అది.

గంజి వార్చే పనిని పిల్లల శిబిరంలో మానివేయడం మేలు. మన అమ్మమ్మలు అత్తెసరు పెట్టేవారు. బియ్యానికి రెట్టింపు కొలత నీళ్లు, పాత బియ్యమైతే మరి కొంచెం పోసి, ఉడుకు పట్టాక కింద మంట తగ్గించి, మూత మీద నాలుగు నిప్పులు వేస్తే అన్నం దానంతట అదే ఇగురుతుంది. వార్చేది లేదు, కాలేది లేదు. సిబ్బి కూడా అక్కరలేదు.

ఇక గిన్నె దేనితో చేసినది అన్నది కూడా చూడవలసిందే. టెంట్‌హౌస్‌ల నుంచి, ఇళ్ల అటకల మీద నుంచి వచ్చే పాత ఇత్తడి గిన్నెలకు కళాయి పోయి ఉంటుంది. వెనుకట కళాయి వేసేవారు వీధుల్లో తిరిగేవారు, ఇప్పుడు కనబడటం లేదు. కళాయి లేని ఇత్తడిలో చింతపండు పులుసు కాస్తే రాగి పులుసులోకి దిగుతుంది. తిన్నవారికి వాంతులవుతాయి. సత్తు గిన్నెలో కూడా పులుపు నిలువ ఉంచరాదు. శిబిరానికి దళసరి అడుగున్న స్టీలు గిన్నెలు క్షేమం. పొయ్యి మీద పెట్టే ముందు బయటి వైపు మెత్తటి మట్టి పూస్తే మసి మట్టితో పాటే ఊడిపోతుంది. మన ఇళ్లలో ఎప్పటి నుంచో ఉన్న ఈ పనినే విదేశాల స్కౌట్లు సబ్బు పూసి చేస్తారు.

పొయ్యి సంగతి. నేల మీద మూడు రాళ్ల కంటే పిల్లలకు కందకం పొయ్యి నయం. గాలి వీచే దిక్కుకు నిలువుగా మూరెడు పొడవు, జానెడు లోతు తవ్వి, పైన రెండు ఇనుప కడ్డీలు అడ్డంగా వేస్తే గిన్నె ఒరగదు, మంట చెదరదు. కడ్డీలు ఊరి కమ్మరి కొలిమిలో పాత ఇనుముతో తయారవుతాయి. ఏటి ఒడ్డున రాళ్లు తెచ్చి పొయ్యి పెట్టేటప్పుడు నీళ్లలో నానిన రాళ్లు వద్దు, వేడికి చిట్లి పగులుతాయి. రాజేయడానికి ఎండిన కంది కట్టె, నిలబడి కాలడానికి తుమ్మ మంచివి. గన్నేరు కొమ్మ మాత్రం పొయ్యిలో పెట్టరాదు, దాని పుల్లతో కలియబెట్టరాదు, అది విషం. ఫిబ్రవరి దాటితే అడవిలో ఆకు ఎండి గుట్టలు అంటుకుంటాయి కనుక శిబిరాలు సంక్రాంతి లోపు ముగించుకోవడం మంచిది. రిజర్వు అడవిలో నిప్పు పెట్టడం చట్టరీత్యా నేరమన్నది మరువరాదు. పొయ్యి పక్కన ఒక బకెట్ నీళ్లు, ఒక బకెట్ ఇసుక తప్పనిసరి. నైలాన్ బట్టలతో పొయ్యి దగ్గరకు పోనీయరాదు, అంటుకుంటే కరిగి ఒంటికి అతుక్కుంటాయి. కట్టెలు తడిసిపోయాయని అంగట్లో దొంగచాటుగా నింపే చిన్న గ్యాస్ బుడ్డి తెచ్చి గుడారంలో పెట్టే పెద్దమనుషులూ ఉన్నారు. ఆ పని మానాలి.

ఇంతకంటే ముఖ్యమైనది ఒకటి ఉన్నది. మనది మిర్చి, పత్తి పండే సీమ. పురుగుమందు ఖాళీ డబ్బాలు ప్రతి ఇంటి చూరులోనూ ఉంటాయి. కడిగి వాటిలోనే మంచినీళ్లు పట్టుకొని చేలకు పోయేవారు ఇప్పటికీ ఉన్నారు. నీళ్లకు సరైన బిందె లేని శిబిరానికి ఎవరో ఒకరు అటువంటి డబ్బానే తెచ్చి ఇస్తారు. 2013 జూలై 16న బీహారులోని ఛప్రా ప్రాంతపు బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంట నూనెలో మోనోక్రోటోఫాస్ మందు కలిసి ఉన్నట్లు పరీక్షలో తేలింది. అంతకు తొమ్మిదేళ్ల ముందు సరిగ్గా అదే తేదీన, 2004 జూలై 16న, తమిళనాడు కుంభకోణంలో బడి వంటపాక నుంచి మంట పైకప్పుకు అంటుకొని 94 మంది పిల్లలు కాలిపోయారు. అవి స్కౌటు శిబిరాలు కావు. అయినా ఒక చోట పాత్ర, మరో చోట పొయ్యి చోటు ప్రాణాలు తీశాయి. శిబిరానికి పిల్లలను పంపే తల్లిదండ్రులు ముందు రోజే వెళ్లి నీళ్ల పాత్ర ఏదో, నూనె డబ్బా ఏదో చూసి రావడంలో నామోషీ ఏమీ లేదు. ఏటి నీళ్లు వాడితే బట్టలో వడగట్టి, బాగా మరగనిచ్చి చల్లార్చాలి. బకెట్‌కు మూత, ముంచడానికి పిడి ఉన్న ముంత ఉండాలి. చేయి ముంచడం వద్దు.

ఇక్కడ మరొక మాట చెప్పక తప్పదు. మగపిల్లలు, ఆడపిల్లలు కలిసి వెళ్లిన శిబిరాలలో గైడ్స్ వండుతుంటే స్కౌట్స్ వాలీబాల్ ఆడుతుండటం ఈ విలేకరి కళ్లారా చూసినది. మాస్టర్లు కూడా అది సహజమన్నట్లే ఊరుకున్నారు. వంట పరీక్ష మగపిల్లలకూ ఉన్నది. హైదరాబాదులో గదులు తీసుకొని చదువుకునే మన కుర్రవాళ్లు మూడు పూటలా బయట కొనుక్కొని కడుపు పాడుచేసుకుంటున్న సంగతి ప్రతి ఇంటికీ తెలుసు.

కావున ప్రతి ఉన్నత పాఠశాలలో జట్టుకు ఒకటి చొప్పున వంట పెట్టె ఉండవలసిన ఆవశ్యకత ఎంతైనా ఉన్నది. అందులో పైన చెప్పిన రెండు గంజులు, మూతలు, ఒక మూకుడు, పొడుగు కట్టె పిడి గంటెలు రెండు, పట్కారు, తొడుగు ఉన్న చాకు, చాట, దళసరి నూలు బట్టలు నాలుగు, ఇనుప కడ్డీలు, రెండు బకెట్లు, ఉప్పు కారం పసుపు డబ్బాలు, కాలిన గాయాలకు శుభ్రమైన గుడ్డ ఉంటే చాలు. కత్తిపీట వద్దు. విస్తళ్లకు మోదుగాకు ఉండనే ఉన్నది, థర్మాకోల్ పళ్లాలు కొని ఏటి ఒడ్డున పారవేయనక్కరలేదు.

ఇందుకు డబ్బు ఎక్కడిదని అడుగుతారు. విద్యాశాఖ నుంచి నిధులు వస్తే సంతోషమే, అంతవరకు చూస్తూ కూర్చోవలసిన పని లేదు. మన ఇళ్లలో ప్రతి పెళ్లికి చదివింపుల స్టీలు గిన్నెలు వస్తాయి. వాటి మీద ఇచ్చినవారి పేరు, తారీకు చెక్కి ఉంటుంది. ఇంట్లో వాడేవి నాలుగైతే అటక మీద గోనెసంచిలో దుమ్ము పట్టేవి పది. ఇంటికి ఒక గిన్నె ఇస్తే ఒక బడికి నాలుగు పెట్టెలు నిండుతాయి. పెట్టెను ఊరి వడ్రంగి చేసి ఇస్తాడు. సర్పంచులు, పూర్వ విద్యార్థులు పూనుకుంటే ఈ డిసెంబరు శిబిరాలకే అందుతుంది.

పెట్టె వచ్చాక దాని తాళంచెవి హెడ్‌మాస్టరు బీరువాలో పడి ఉండకుండా జట్టు నాయకుల చేతికి అందేలా చూడాలి. ఒక కాపీ పుస్తకంలో సామాను లెక్క రాసి, శిబిరం నుంచి తిరిగి వచ్చిన రోజే పిల్లల చేతనే లెక్క చూపించి, గిన్నెలను బూడిదతో తోమించి ఎండలో ఆరబెట్టించి, లోపల నాలుగు వేప రెమ్మలు వేసి మూత వేయించాలి.