ముందు గది, తరువాత తోట

మన రెడ్డిగూడెం పరిసరాలలో పూత దశలోనే మామిడి తోటను కొనివేయడం వర్తకుల ఆనవాయితీ. ఒక ఏడు లాభం చవిచూచిన చిన్న వర్తకుడు మరుసటి ఏడు వడ్డీకి తెచ్చి మూడు తోటలకు బయానా ఇస్తాడు. తేనెమంచు పురుగు సోకినా, గాలివాన వీచినా పూతా పిందే రాలుతాయి గాని వడ్డీ రాలదు. కాపు నిలిచిందా, మరొక చిక్కు: కాయ అంతా ఒక్కసారిగా చేతికి వస్తుంది; మాగవేయడానికి చోటు చాలదు; ఋణదాత ఆగడు. కార్బైడు గోదాములో ప్రవేశించేది అప్పుడే. అట్టి పండ్ల విక్రయాన్ని 2011 నాటి ఆహార భద్రతా నిబంధనలు నిషేధించాయి. దీనిని దురాశ అని నిందించడం సులభం. నేను మాత్రం స్థోమతకు మించిన తొందర అంటాను.

ఇథిలీన్ వాయువుతో, మిలియనుకు 100 పాళ్లు మించకుండా, మాగవేయడానికి అనుమతి ఉంది. అందుకు ప్రత్యేకమైన గది కావాలి. కావున, రేపు తండ్రుల దుకాణాలలో కూర్చోబోయే విద్యార్థులారా, తొలి లాభాన్ని రెండవ తోటకు గాక ఆ గదికి వెచ్చించండి. గదిలో పట్టినన్ని కాయలకే బయానా ఇవ్వండి. పొరుగు వర్తకుడు పది లారీలు పంపితే పంపనీయండి!