రేకు పెట్టెకు తాళం ఎవరి దగ్గర?



ప్రతి వార్షికోత్సవానికీ పూర్వ విద్యార్థుల తరఫున హాస్టలుకు ఏదో ఒకటి ఇవ్వడం మన ఆనవాయితీ. గోడ గడియారాలు ఇచ్చాం, ఫ్యాన్లు ఇచ్చాం, మంచినీళ్ళ ఫిల్టరు ఇచ్చాం (అది ఎన్నాళ్ళు పనిచేసిందో మెస్ కమిటీవాళ్ళే చెప్పాలి). ఈ ఏడాది ఒక హార్డ్ డిస్కు కొని ఆఫీసు గదిలో ఉన్న వైఫై రౌటరుకు తగిలిద్దామని నేనన్నాను. మీటింగులో నవ్వారు. "అందరి ఫొటోలూ క్లౌడులోనే ఉన్నాయి కదా, ఇంకా డిస్కులెవరికి?" అని ఒక మిత్రుడు అడిగాడు. అప్పుడు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

హాస్టల్లో చేరిన రోజు మనందరం తెచ్చుకున్నది ఒక రేకు పెట్టె. రెండు జతల బట్టలు, కంచం, గ్లాసు, అడుగున పాలిథీన్ కవరులో కుల ధ్రువపత్రం, టీసీ, మార్కుల జాబితా. తాళం చెవిని మొలతాడుకు కట్టుకున్నవాళ్ళు కూడా మనలో ఉన్నారు. కాగితం పోతే ఏమవుతుందో మన ఇళ్ళలో ఎవరూ చెప్పనక్కర్లేదు. ఉక్కు ఫ్యాక్టరీకి భూములు పోయిన ఊళ్ళ పిల్లలనడగండి, నిర్వాసితులకిచ్చిన ఆర్ కార్డును వాళ్ళ పెద్దలు ఎలా దాచుకున్నారో చెబుతారు.

ఇప్పుడు ఆ పెట్టె ఫోనులోకి వెళ్ళింది. ఫోనులోంచి క్లౌడులోకి వెళ్ళింది. క్లౌడంటే మేఘం అని పేరేగాని అది ఎవరిదో కంప్యూటరు, ఎవరిదో గది. మనం అద్దెకున్నాం. అద్దె గది సంగతి మనకు తెలియనిదా? ప్రతి వేసవి సెలవులకూ గది ఖాళీ చేసి పెట్టె నెత్తిన పెట్టుకుని బస్సెక్కినవాళ్ళం.

మా బ్యాచ్ వీడ్కోలు ఫొటోలన్నీ ఒక మిత్రుడు తన ఖాతాలో దాచాడు. వాడు పనికోసం ఊళ్ళు తిరుగుతూ రీచార్జి చేయక సిమ్ పోగొట్టుకున్నాడు. ఆ తరువాత కొత్త ఫోనులో పాస్‌వర్డు అడిగితే గుర్తులేదు, ఓటీపీ వెళ్ళేది పాత నంబరుకి. అంతే. ఆ ఫొటోల్లో మాకు నాలుగేళ్ళు వండి పెట్టిన వంటమనిషి అమ్మ ఉంది. ఆమె ఇప్పుడు లేదు. ఆమె ఫొటో మరెవరి దగ్గరా లేదు. నేనీ వ్యాసం రాయడానికి అసలు కారణం అదే.

కంపెనీల నియమాలు కూడా మారుతూ ఉంటాయి. గూగుల్ ఫొటోస్‌లో లెక్కలేకుండా ఉచితంగా దాచుకునే వీలు 2021 జూన్ 1తో ఆగిపోయింది. ఇప్పుడు ఉచితంగా వచ్చేది 15 జీబీ, అందులోనే మెయిలు, ఫైళ్ళు, ఫొటోలు అన్నీ సర్దుకోవాలి. రెండేళ్ళు వాడకుండా వదిలేసిన వ్యక్తిగత ఖాతాలను తీసివేయడం 2023 డిసెంబరు నుంచి మొదలైంది. వాళ్ళ ఇల్లు, వాళ్ళ నియమం. తప్పు పట్టడం లేదు, నేనూ వాడుతున్నాను. 2025 అక్టోబరులో ఇదే గూగుల్ మన విశాఖలో ఐదేళ్ళలో 1500 కోట్ల డాలర్లతో డేటా సెంటరు పెడతామని ప్రకటించింది. మేఘం మన ఊరికే వస్తోందన్నమాట! మన పిల్లలకు అందులో ఉద్యోగాలు రావాలని నేనూ కోరుకుంటాను. కానీ పోర్టు మన ఊళ్ళో ఉన్నంత మాత్రాన ఓడల్లో సరుకు మనదవుతుందా?

ఇక డిస్కు సంగతి. చాలా రౌటర్ల వెనుక పెన్‌డ్రైవ్ పట్టే యూఎస్‌బి రంధ్రం ఒకటి ఉంటుంది. ఎవరూ దాని వంక చూడరు. దానికి డిస్కు తగిలించి, సెట్టింగుల్లో షేరింగు ఆన్ చేస్తే, ఆ వైఫైలో ఉన్న ప్రతి ఫోనుకూ కంప్యూటరుకూ ఆ డిస్కు కనిపిస్తుంది. ఇంటర్నెట్టు ఉండనక్కర్లేదు. ఇది ముఖ్యం. నలభై మంది ఒకే పోటీ పరీక్ష వీడియోను నలభైసార్లు డౌన్‌లోడు చేస్తుంటే రాత్రి తొమ్మిదికి మన నెట్టు ఎలా నత్తనడక నడుస్తుందో మీకు తెలుసు. ఒకసారి దింపి డిస్కులో పెడితే చాలు. పాత ప్రశ్నపత్రాలు, సీనియర్ల నోట్సు స్కాన్లు, ఈ పత్రిక పాత సంచికలు అన్నీ అక్కడే ఉంటాయి.

ఇది తేలిక పని అని మాత్రం చెప్పను. కొన్ని కంపెనీలిచ్చే పెట్టెల్లో రంధ్రం ఉంటుంది గాని పనిచేయదు. ముందుగా పెన్‌డ్రైవ్ పెట్టి చూడాలి. డిస్కు ఫ్యాట్32 పద్ధతిలో ఉంటే 4 జీబీకి మించిన ఫైలు పట్టదు. యూఎస్‌బి 2.0 రంధ్రం ఇచ్చే కరెంటు 500 మిల్లీయాంపులే, కొన్ని హార్డ్ డిస్కులకు అది చాలదు, టిక్కుటిక్కుమని ఆగిపోతాయి. పాత రౌటర్లు కొన్ని ఎస్‌ఎంబి అనే పద్ధతిలో మొదటి వెర్షను మాత్రమే మాట్లాడతాయి, కొత్త విండోస్ దాన్ని మామూలుగా ఒప్పుకోదు. ఎందుకంటే 2017 మే నెలలో వానాక్రై వైరసు ప్రపంచమంతా పాకింది ఆ దారినే. మన రాష్ట్ర పోలీసు కంప్యూటర్లు కొన్ని కూడా అప్పుడు దెబ్బతిన్నాయి. కొత్త విండోస్‌లో ఆ పాత దారిని బలవంతంగా తెరిచేకన్నా రౌటరు మార్చుకోవడం మేలు.

"మరి మేం గాజువాక నుంచో, హైదరాబాదు నుంచో చూడొచ్చా?" అని పూర్వ విద్యార్థులు అడుగుతారు. చూడొద్దనే నేనంటాను. మొదటిది, చాలా కంపెనీలు ఎన్నో ఇళ్ళకు కలిపి ఒకే బయటి చిరునామా ఇస్తున్నాయి, అపార్ట్‌మెంటు మొత్తానికి ఒకే పోస్టు డబ్బా ఉన్నట్టు. బయటినుంచి వచ్చేవాడికి మన తలుపు దొరకదు. రెండోది, తలుపు దొరికితే అందరికీ దొరుకుతుంది. 2014లో ఆసుస్ రౌటర్ల లోపాల వల్ల 12,900 మందికి పైగా వినియోగదారుల డిస్కుల్లోకి పరాయివాళ్ళు చొరబడ్డారు. "మీ ఫైళ్ళు ఎవరైనా చూడొచ్చు" అని హెచ్చరిక చీటీలు కూడా లోపల పెట్టి వెళ్ళారు. 2016లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ కంపెనీ మీద చర్య తీసుకుంది. అంత పెద్ద కంపెనీ సరుకుకే ఆ గతి పడితే మన ఆఫీసు గది రౌటరుకు దిక్కెవరు?

కనుక ఈ డిస్కులో ఆధార్ నకళ్ళు, స్కాలర్‌షిప్పు బ్యాంకు పుస్తకాలు, కుల ధ్రువపత్రాలు పెట్టకూడదు. నలుగురూ చూసే చోట కులం కాగితం పెడితే ఏమవుతుందో కాలేజీ క్లాసుల్లో అనుభవించినవాళ్ళం మనం. వాటికి ప్రభుత్వ డిజిలాకరు 2015 నుంచి ఉంది, ఎవరికి వారు అందులో దాచుకోండి, అసలు కాగితం ఇంట్లో ఉంచండి. డిస్కులో మార్చే, చెరిపే అధికారం విద్యార్థులు ఎన్నుకున్న ఇద్దరికే ఉండాలి, మిగతావాళ్ళు చూడగలిగితే చాలు. ఏటా కమిటీ మారినప్పుడు పాస్‌వర్డూ మారాలి. వార్డెన్ గారి దగ్గరుంటే మంచిదని కొందరన్నారు. వార్డెన్ గారి మీద గౌరవంతోనే చెబుతున్నాను, ఆయనకు బదిలీ అవుతుంది. పైగా తాళం పట్టుకోవడం పిల్లలు నేర్చుకోవాలి.

ఒక్క డిస్కుతో సరిపోదు. ఉన్నట్టుండి కరెంటు పోతే రాస్తున్న ఫైలు పాడవుతుంది, సముద్రపు ఉప్పుగాలికి మన ఊళ్ళో కిటికీ ఊచలే నిలవవు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు మూగబోయాయి. అలాంటి రోజున క్లౌడు అందదు, నిజమే. నీళ్ళు కారే గదిలో ఉన్న డిస్కు కూడా మిగలదు. రెండో నకలు వేరే ఇంట్లో, వీలైతే వేరే ఊళ్ళో ఉండాలి.

మన హాలులో పటం ఉన్న మహానుభావుడికి ఇది అనుభవం. 1917లో అంబేద్కర్ లండను నుంచి తిరిగొచ్చేటప్పుడు ఆయన పుస్తకాలు వేరే ఓడలో వేశారు. ఆ ఓడను జర్మన్ జలాంతర్గామి ముంచేసింది. ఎన్ని పూటలు పస్తుండి కొన్న పుస్తకాలో! తరువాత ఆయన బొంబాయి దాదరులో రాజగృహ కట్టుకున్నప్పుడు పుస్తకాల కోసమని ప్రత్యేకంగా చోటుంచి కట్టారు. పుస్తకాలకు ఇల్లు కట్టినాయన పటం కింద కూర్చుని, ఫొటోలకు డిస్కెందుకని మనం నవ్వుకున్నాం.

కమిటీ ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, 1 టీబీ డిస్కు ఒకటి ద్వారకానగర్‌లో కొనేశాను. దాని నకలు మా ఇంట్లో ఉంటుంది, ఇంకో నకలు దాచడానికి వేరే ఊళ్ళో ఉన్నవాళ్ళు ఒకరు ముందుకు రావాలి. వార్షికోత్సవం రోజు ఉదయం పది గంటల నుంచి రీడింగ్ రూములో స్కానరు పెట్టుకుని కూర్చుంటాను. పాత బ్యాచ్‌ల అన్నలు ఆల్బమ్‌లు తీసుకురండి, కొత్తవాళ్ళు పెన్‌డ్రైవ్‌లు తీసుకురండి. వంటమనిషి అమ్మ ఫొటో ఎవరి దగ్గరైనా, ఏ మూలనైనా, పక్కకు తిరిగి ఉన్నా సరే, ముందు అది ఇవ్వండి.