పక్క స్థలం, మన సంఘం

వానలు పడ్డాయంటే కాలనీ సంక్షేమ సంఘాల సమావేశాల్లో ఒకే ఫిర్యాదు వినబడుతుంది. పక్కన ఖాళీ స్థలం ఉంది, యజమాని ఎక్కడ ఉన్నాడో తెలియదు. ప్రహరీ కూలిపోయింది. పిచ్చిచెట్లు మనిషెత్తు పెరిగాయి. చుట్టుపక్కల ఇల్లు కట్టిన ప్రతివాళ్ళూ మిగిలిన కంకరా, పగిలిన టైల్సూ అందులోనే పోశారు. మిగతావాళ్ళు చెత్త సంచీలు గోడమీంచి విసురుతున్నారు. మధ్యలో నీళ్ళు నిలిచాయి. పాములొస్తున్నాయి. హైదరాబాదు చుట్టూ, విజయవాడ, విశాఖల చుట్టూ వెంచర్లు వేసి ప్లాట్లు అమ్మిన ప్రతిచోటా ఇలాంటి స్థలాలున్నాయి. ఇవి ఇల్లు కట్టుకోవడానికి కొన్నవి కావు, ధర పెరిగాక అమ్ముకోవడానికి కొన్నవి. కొన్నవాళ్ళలో కొందరు అమెరికాలో ఉంటారు, కొందరు అదే ఊళ్ళో మరో కాలనీలో ఉంటారు. వాళ్ళకది కాగితం మీద ఆస్తి. పక్కింట్లో బతికేవాళ్ళకి రోజూ కళ్ళెదుట ఉండే సమస్య.

ఈ సమస్యని మన పత్రికలో ఎందుకు చర్చించాలి, ఇది మునిసిపాలిటీ వ్యవహారం కదా అని కొందరికి అనిపించవచ్చు. ఆ స్థలం పక్కన రోజంతా ఉండేది ఎవరో చూస్తే ఆ సందేహం తీరుతుంది. జ్వరం వచ్చిన పిల్లల దగ్గర రాత్రుళ్ళు మేలుకునేది ఎవరు? ఆసుపత్రిలో మంచం పక్కన కూర్చోవడానికి పని మానుకుని కూలి పోగొట్టుకునేది ఎవరు? చీకటి పడ్డాక తాగుబోతులు చేరే ఆ మూలని తప్పించుకోవడానికి ట్యూషన్ నుంచి చుట్టు తిరిగి వచ్చే పిల్ల, తెల్లవారకముందే పాచిపనికి ఆ గోడ పక్కనుంచే నడిచివచ్చే మనిషి, వీళ్ళ భయం ఏ సంఘం మినిట్స్ పుస్తకంలోనూ నమోదు కాదు. పుస్తకంలో రాసేది ఒకటే: కాలనీలో ప్లాట్ల విలువ పడిపోతోంది.

దోమల సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. మలేరియా క్రిమిని దోమ కడుపులో రొనాల్డ్ రాస్ కనిపెట్టింది 1897లో, మన సికింద్రాబాదులోనే. నూటపాతికేళ్ళు దాటినా ఈ నగరంలో జ్వరాల కాలం మాత్రం పోలేదు. ఇప్పుడు ఎక్కువగా భయపెడుతున్న డెంగీ దోమ మురికిగుంటల్లో కంటే తేటనీళ్ళలోనే గుడ్లు పెడుతుంది. పాత టైరు, కొబ్బరిచిప్ప, ప్లాస్టిక్ కప్పు, మూతలేని నీళ్ళ ట్యాంకు ఏదైనా దానికి చాలు. వారం పది రోజుల్లో గుడ్డు దోమ అవుతుంది. ఖాళీ స్థలంలో పారేసిన కప్పులూ టైర్లూ ఎంత ప్రమాదమో మన మేడమీది ట్యాంకూ అంతే ప్రమాదం. నేరమంతా పక్క స్థలానిదే అనుకోవడంలో ఒక సౌకర్యం ఉంది, దాన్ని కూడా మనం గమనించాలి.

ఇక సంఘం సంగతి. సంఘం అంటే ఎవరు? 1987 నాటి ఆంధ్రప్రదేశ్ అపార్ట్‌మెంట్ల చట్టం ప్రకారమైనా, 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏర్పాటైన కాలనీ సంఘాల నియమావళి ప్రకారమైనా, సాధారణంగా ఓటు ఇంటి యజమానికే. దస్తావేజు మీద పేరు భర్తదైతే సమావేశానికి పిలుపూ ఆయనకే వస్తుంది. మోటారు చెడిపోతే ప్లంబరుని పిలిచేదీ, నీళ్ళ ట్యాంకరు కోసం కాపలా కాసేదీ, చెత్తబండి రాకపోతే ఫోన్లు చేసేదీ ఆవిడ. కమిటీలో ఉండేది ఆయన. అద్దెకున్నవాళ్ళు నెలనెలా మెయింటెనెన్స్ కడతారు కానీ వాళ్ళకి మాట ఉండదు. వాచ్‌మన్ కుటుంబానికీ, ఇంటిపని చేసేవాళ్ళకీ అసలు లెక్కలోనే చోటు లేదు. హైదరాబాదు కార్పొరేషన్‌కి 2016లో, 2020లో జరిగిన ఎన్నికల్లో సగం వార్డులు మహిళలకు కేటాయించారు. ఆ వార్డుల్లోని కాలనీ సంఘాలు మాత్రం ఆ పద్ధతి తమకి వర్తించదన్నట్టే నడిచాయి. సంక్రాంతి ముగ్గుల పోటీ నిర్వహించడానికి మాత్రం ఆడవాళ్ళు గుర్తొస్తారు.

ఇలాంటి సంఘం పాడుబడిన స్థలం మీద చర్య తీసుకోవాలనుకున్నప్పుడు ఏం జరుగుతుంది? యజమాని దొరకడు. దొరికినా ఆయన ఫోన్లో చూద్దామంటాడు. దొరికేది ఎవరంటే ఆ స్థలంలో రేకుల గుడిసె వేసుకుని కాపలా ఉంటున్న కుటుంబం. పాలమూరు నుంచో శ్రీకాకుళం నుంచో వచ్చినవాళ్ళు. ఆ ఇంట్లో ఆడమనిషి ఆ కాలనీలోనే నాలుగిళ్ళలో పనిచేస్తుంటుంది. వాళ్ళకి మరుగుదొడ్డి కట్టివ్వనిది స్థలం యజమాని. అయితే అపరిశుభ్రత నెపం వాళ్ళ మీద పడుతుంది. గుడిసె తీయించాలని తీర్మానం అవుతుంది. గుడిసె లేచిపోతుంది, నీళ్ళూ పిచ్చిచెట్లూ అక్కడే ఉంటాయి. కాపలా లేకపోయేసరికి చెత్త ఇంకొంచెం పెరుగుతుంది.

సంఘానికి అలా ఖాళీ చేయించే అధికారం చట్టంలో ఎక్కడా లేదు. రిజిస్టరైన సంఘం తన సభ్యులకు నియమాలు పెట్టుకోవచ్చు. సభ్యుడు కాని యజమాని మీద, ఆ స్థలంలో ఉన్న మనుషుల మీద దానికి ఏ పెత్తనమూ లేదు. అధికారమూ బాధ్యతా మునిసిపాలిటీవి. స్థలం శుభ్రం చేయమని యజమానికి నోటీసివ్వాల్సింది మునిసిపల్ కమిషనర్. ఖాళీ స్థలం మీద పన్ను వేసే అధికారం కూడా మునిసిపాలిటీకి ఉంది కాబట్టి యజమాని ఎవరో తెలియదనే జవాబు వాళ్ళ నోట రాకూడదు. పన్ను రాయడానికి దొరికే చిరునామా నోటీసు పంపడానికీ దొరకాలి.

మునిసిపాలిటీ కదలకపోతే మరో దారి ఉంది. పూర్వపు క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 133వ సెక్షన్ ఇప్పుడు, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 152వ సెక్షన్ అయింది. ప్రజలకు హాని కలిగించే పరిస్థితిని తొలగించమని ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు దీని కింద ఉత్తర్వు ఇవ్వవచ్చు. మధ్యప్రదేశ్‌లోని రత్లాం పట్టణంలో ఒక వార్డు ప్రజలు ఈ దారిలోనే వెళ్ళారు. మురుగుకాలువలు లేవు, మరుగుదొడ్లు లేక పేదలు వీధుల్లోనే కూర్చుంటున్నారు, సారా ఫ్యాక్టరీ మురుగు రోడ్డు మీదికి వస్తోంది. డబ్బు లేదని మునిసిపాలిటీ సుప్రీంకోర్టు దాకా వాదించింది. జస్టిస్ కృష్ణయ్యర్, మన తెలుగువారైన జస్టిస్ చిన్నపరెడ్డి 1980లో ఆ వాదన చెల్లదన్నారు. ఈ తీర్పుని పర్యావరణం గురించి మాట్లాడేవాళ్ళు తరచు ప్రస్తావిస్తారు. మనం గుర్తుపెట్టుకోవలసింది ఇంకొకటి ఉంది. ఆ పేదలని అక్కణ్ణించి వెళ్ళగొట్టమని కోర్టు అనలేదు. ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ వేర్వేరుగా మరుగుదొడ్లు కట్టమంది, నీళ్ళు పెట్టమంది. గుడిసె తీయించే తీర్మానం చేసేవాళ్ళ ముందు ఈ తీర్పు ఉంచాలి.

ఖాళీ స్థలం కాక ఇంకోరకం పాడుబడిన ఆస్తి ఉంది. దాని గురించి మనం జాగ్రత్తగా మాట్లాడాలి. కొత్త అపార్ట్‌మెంట్ల మధ్య పెంకులు జారిన పాత ఇల్లు, అందులో ఒంటరిగా ఒక పెద్దావిడ. దొడ్లో ఆకులు కుళ్ళుతుంటాయి, గోడ వీధిలోకి ఒరిగి ఉంటుంది. పక్కవాళ్ళకి ఆ గోడ భయం నిజమే, వానాకాలంలో కూలిన గోడల కింద ప్రాణాలు పోతూనే ఉన్నాయి. కానీ ఆవిడ దాన్ని ఎందుకు బాగుచేయించలేదు అని అడిగేవాళ్ళు తక్కువ. ఇల్లు భర్త పేరనో మామగారి పేరనో ఉంటుంది. భర్త పోయాక పేరు మారదు. మరుదులో కొడుకులో వాటాల దగ్గర తగువులాడుతుంటారు. ఆవిడ చేతిలో డబ్బు లేదు, కాగితం లేదు కాబట్టి బ్యాంకు అప్పు రాదు. కొన్నిచోట్ల అందరికీ కావలసింది అదే: ఇల్లు పడిపోతే బిల్డరుకి ఇవ్వడం సులువు. అలాంటప్పుడు సంఘం ఇచ్చే ఫిర్యాదు, మునిసిపాలిటీ అంటించే శిథిల భవనం నోటీసు ఆ బంధువుల చేతిలో ఆయుధాలవుతాయి.

ఈ దుస్థితికి చట్టం కూడా చాలాకాలం దోహదం చేసింది. 1956 హిందూ వారసత్వ చట్టంలో 23వ సెక్షన్ ఉండేది. మగ వారసులు పంచుకుందామనుకునేదాకా, వాళ్ళు కాపురమున్న ఇంటిని పంచమని ఆడ వారసులు అడగడానికి వీల్లేదు. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకు వాటా ఇస్తూ మన రాష్ట్రం 1985లోనే, దేశంలో చాలా రాష్ట్రాలకంటే ముందు, సవరణ తెచ్చుకున్నా ఈ సెక్షన్ మాత్రం 2005 దాకా ఉండిపోయింది. ఇప్పుడది లేదు. గృహహింస చట్టం 2005లోనే వచ్చింది, కలిసి కాపురమున్న ఇంట్లో ఉండే హక్కు ఆ చట్టం ఇస్తుంది. ఆ ఇల్లు అత్తమామల పేర ఉన్నా ఆ హక్కు అడగవచ్చని సుప్రీంకోర్టు 2020లో సతీశ్ చందర్ అహూజా కేసులో చెప్పింది. పెద్దవయసు తల్లులకు 2007 నాటి వృద్ధుల పోషణ చట్టం ఉంది. హక్కులు కాగితం మీదికి వచ్చాయి. గోడకి సిమెంటు వేయించే డబ్బు వాటితో రాదు.

కాబట్టి కాలనీల్లో, బస్తీల్లో పనిచేస్తున్న మన కార్యకర్తలు ఈ సంఘాలని మధ్యతరగతి వ్యవహారమని వదిలేయకూడదని మా అభిప్రాయం. ఇంటిపని చేసే ఆడవాళ్ళకి వేరే లిఫ్టు పెట్టేదీ, ఒంటరి ఆడవాళ్ళకి అద్దెకివ్వవద్దని ఒత్తిడి చేసేదీ ఈ సంఘాలే. నియమావళి మార్చే సర్వసభ్య సమావేశం ఏడాదికొకసారి జరుగుతుంది. దస్తావేజు మీద పేరు లేకపోయినా ఆ ఇంట్లో కాపురముంటున్న స్త్రీకీ, అద్దెకున్నవాళ్ళకీ సభ్యత్వం ఇవ్వాలని అందులో ప్రతిపాదించవచ్చు. పాడుబడిన స్థలం మీద ఫిర్యాదు రాసేటప్పుడు యజమానినే ప్రతివాదిగా చూపాలి, అందులో ఉంటున్న కుటుంబాన్ని కాదు. కమిషనర్‌కి ఇచ్చిన అర్జీకి రసీదు తీసుకోవాలి. నెల దాటినా కదలిక లేకపోతే ఆ స్థలానికి నోటీసిచ్చారా లేదా అని సమాచార హక్కు చట్టం కింద అడగాలి. పాత ఇంట్లో పెద్దావిడ ఉంటే, ఆవిడ మీద అర్జీ పెట్టేముందు ఆవిడ ఇంటికి వెళ్ళి కూర్చుని, కాగితాలు ఎవరి దగ్గర ఉన్నాయో కనుక్కోవాలి. మండల, జిల్లా న్యాయసేవా సంస్థల్లో ఆడవాళ్ళకి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 చట్టంలోనే ఉంది. ఆ దరఖాస్తు నింపడానికి ఆవిడకి పక్కన ఒక మనిషి కావాలి.