స్వర సమీక్ష: రాజధాని నుంచి రెండు ఆల్బమ్‌లు

ఈ శీర్షికలో ఇంతకాలం శాస్త్రీయ సంగీతానికీ లలిత గీతాలకూ పెద్దపీట వేస్తూ వచ్చిన మేము ఈ మాసం రాక్ సంగీతానికి చోటివ్వడం కొందరు పాఠకులకు రుచించకపోవచ్చు. అందుకు కారణం పాఠకులే. టౌన్‌షిప్ నుంచి మాకు అందే ఉత్తరాలలో తల్లిదండ్రుల మాట ఒకటి: పిల్లలు చెవులకు తగిలించుకుని గంటల తరబడి వినే ఆ సంగీతమేమిటో తమకు అంతుపట్టడం లేదని. పిల్లల మాట మరొకటి: తాము వినే పాటను ఈ పత్రిక పాటగానే లెక్కించడం లేదని. రెండింటిలోనూ న్యాయం ఉంది. కనుక ఢిల్లీకి చెందిన రెండు బృందాల ఆల్బమ్‌లను ఒకటికి నాలుగుసార్లు విని, మాకు తోచినది తోచినట్టు నివేదిస్తున్నాము. మొదటిది బ్లడీవుడ్ బృందం 2025 మార్చిలో విడుదల చేసిన 'నూ ఢిల్లీ'. రెండవది పీటర్ క్యాట్ రికార్డింగ్ కంపెనీ 2024 ఆగస్టులో వెలువరించిన 'బేటా'. పేరులో కంపెనీ ఉన్నంత మాత్రాన అదేదో వ్యాపార సంస్థ అనుకోనక్కరలేదు. ఐదుగురు కళాకారుల మేళం అది.

'ఇండీ' అన్న మాట వినగానే ఇండియాకు సంబంధించినదని భ్రమపడేవారున్నారు. స్వతంత్రమని అర్థమిచ్చే ఇంగ్లీషు మాటకు అది ముద్దుపేరు మాత్రమే. పెద్ద రికార్డు సంస్థల అదుపాజ్ఞలలో లేకుండా తన పాటను తానే తయారుచేసుకునే కళాకారుడికి ఆ పేరు పెట్టారు. మన దేశంలో దీనికి మరో అర్థం కూడా వచ్చి చేరింది: సినిమాకు బయట పుట్టిన పాట అని. సన్నివేశం వివరించే దర్శకుడు లేడు, పెదవులు కదిపే నటుడు లేడు. తన మాటకు తానే పూచీ. ఆ పూచీ ఎంతవరకు నిలబడిందన్నదే ఈ రెండు ఆల్బమ్‌లకూ మేము పెట్టుకున్న పరీక్ష.

బ్లడీవుడ్ కథ కొంత చిత్రమైనది. 2016లో కరణ్ కటియార్, జయంత్ భదూలా అనే ఇద్దరు యువకులు జనానికి తెలిసిన పాటలను హెవీ మెటల్ ధోరణిలోకి మార్చి నవ్వించడంతో ప్రారంభించారు. ర్యాప్ చెప్పే రౌల్ కెర్ వారితో కలిశాక నవ్వులు తగ్గాయి, స్వంత పాటలు పెరిగాయి. 2019లో జర్మనీలోని వాకెన్ ఉత్సవంలో పాడారు. 2022లో వచ్చిన వారి 'రక్షక్' ఆల్బమ్‌లో మానసిక కుంగుబాటు మీద ఒక పాట, స్త్రీలపై అత్యాచారాల మీద ఒక పాట ఉన్నాయి. గిటార్ల హోరు మధ్య పంజాబీ ఢోల్, తుంబీ, వేణువు వినిపించడం వీరి ముద్ర.

కొత్త ఆల్బమ్ పేరులో 'న్యూ' అని కాక 'నూ' అని ఉండడం అచ్చుతప్పు కాదు. 1990ల అమెరికాలో ర్యాప్‌నూ మెటల్‌నూ కలిపి పాడిన శైలిని 'నూ మెటల్' అంటారు. ఆ శైలి పేరునూ తమ నగరం పేరునూ ఒకే ముడిలో కట్టారు. మొత్తం 8 పాటలు. దాదాపు అరగంటలో ముగుస్తుంది. ఈ క్లుప్తత మెచ్చదగినది. 'హల్లా బోల్'తో తలుపు తన్నినట్టు మొదలవుతుంది. 'బేఖౌఫ్' అనే పాటలో జపాన్‌కు చెందిన బేబీమెటల్ బృందం గొంతు కలిపింది. హిందీ, ఇంగ్లీషు, జపనీసు భాషలు ఒకే పాటలో వినడం వింతగా ఉంటుంది కాని, ఆ గాయనుల గొంతు పాటలో కరగలేదని మా అభిప్రాయం. పెళ్ళికి వచ్చిన దూరపు బంధువుల్లా కొంతసేపు పక్కన నిలబడి వెళ్ళిపోతారు.

మాకు అన్నిటికంటె నచ్చినది 'తడ్కా'. తాలింపు గురించిన పాట. లోకాన్ని మేలుకొలిపే బరువును కాసేపు పక్కన దించి, హాయిగా తిండి గురించి పాడారు. ఇక్కడ ఢోల్ అలంకారంగా కాక పాటకు వెన్నెముకగా నిలిచింది. హాస్యంతో మొదలైన బృందం కదా, హాస్యంలోనే వారి అసలు బలం ఉన్నదేమో.

మిగిలిన పాటల సంగతికి వస్తే, శ్రద్ధగా వినేవారికి ఒక విషయం తోస్తుంది. పల్లవిలో జయంత్ గర్జించేది ఎక్కువగా హిందీ, పంజాబీలలో. చరణంలో రౌల్ కెర్ విడమరచి చెప్పేది ఎక్కువగా ఇంగ్లీషులో. అంటే నినాదం దేశభాషలో, వాదన ఇంగ్లీషులో. ఈ ఏర్పాటు మనకు కొత్త కాదు. మన కార్యాలయాలలో ఫైలు నడిచేది ఇంగ్లీషులో, గేటు మీటింగులో నినాదం మోగేది స్థానిక భాషలో. తెలిసో తెలియకో బ్లడీవుడ్ మన జీవితంలోని పని విభజననే పాటలో పెట్టింది. కాని అందువల్ల ఒక నష్టం జరిగింది. దేశభాష నినాదానికే పరిమితమైపోతే అందులో సందేహానికి, నెమ్మదితనానికి, గుసగుసకు చోటుండదు. నిర్భయంగా ఉండు, ఎదిరించు, లొంగకు అన్న ఆదేశాలు వరుసగా వింటూ పోతే నాలుగవ పాటకు ఉత్సాహం కాస్తా అలవాటుగా మారుతుంది.

ధ్వని విషయంలో కూడా ఇదే ఫిర్యాదు. రికార్డింగ్‌లో చిన్న శబ్దాన్ని పెంచి, పెద్ద శబ్దాన్ని అణచి, రెండింటినీ ఒకే మట్టానికి తెచ్చే ప్రక్రియ ఉన్నది. దానిని మితిమీరి వాడితే పాటలో ఎత్తుపల్లాలు చదునైపోతాయి. అంతటా హోరే అయినప్పుడు హోరుకు విలువ ఏమున్నది? రోలింగ్ మిల్లులో పనిచేసే మిత్రులకు ఈ మాట వివరించి చెప్పనక్కరలేదు. వేణువు వినిపించే చోట మాత్రం కొంత ఊపిరి సలుపుతుంది. ఆ చోట్లు ఇంకా ఉంటే బాగుండేది.

ఇక 'బేటా'. హిందీలో కొడుకు అని అర్థం. కంప్యూటర్ విభాగంలోని మిత్రులకు ఇంకా పూర్తికాని ప్రయోగదశ అని అర్థం. రెండు అర్థాలూ ఆల్బమ్‌కు సరిపోయాయి. 2009లో ఏర్పడిన ఈ బృందానికి ప్రధాన గాయకుడు సూర్యకాంత్ సాహ్నీ. మెత్తగా, కొంత బద్ధకంగా, పాత పాశ్చాత్య హోటళ్ళలో పియానో పక్కన నిలబడి పాడే గాయకుడిలా పాడతాడు. పాటలు దాదాపుగా ఇంగ్లీషువే. ఇక్కడే మన పెద్దలు పుస్తకం మూసేస్తారని మాకు తెలుసు. ఢిల్లీలో పుట్టిన బృందం ఇంగ్లీషులో, అదీ అరువు తెచ్చుకున్న కంఠధోరణిలో పాడితే అది మన సంగీతమెలా అవుతుంది?

ఈ ప్రశ్నకు తొందరపడి జవాబు చెప్పకూడదు. ఇదే గాయకుడు 'లిఫాఫా' అనే పేరుతో ఒంటరిగా హిందీలో కూడా పాడాడు. 2019లో 'జాగో' అనే ఆల్బమ్ తెచ్చాడు. అంటే హిందీ రాక ఇంగ్లీషులో పాడేవాడు కాదు. తాను మేళంతో ఉన్నప్పుడు ఒక భాష, ఒంటరిగా ఉన్నప్పుడు మరొక భాష ఎంచుకున్నవాడు. పైగా వీరి ఇంగ్లీషు పాట వెనుక నుంచి వచ్చే ఇత్తడి వాద్యాలను వినండి. అవి అమెరికా జాజ్ నుంచి వచ్చాయని ఒకరంటే, బరాత్ ముందు నడిచే బ్యాండుమేళం నుంచి వచ్చాయని మరొకరనవచ్చు. మేము రెండవ పక్షం. పెళ్ళి అయిపోయాక, దీపాలు ఆర్పివేశాక, అలసిన బాకావాడు తన కోసం తాను ఊదుకున్నట్టుండే ఆ ధ్వని మరే దేశంలోనూ పుట్టదు.

'ఫ్లవర్స్ ఆర్ బ్లూమింగ్'తో మొదలయ్యే ఈ ఆల్బమ్‌లో 'సడన్లీ', 'పీపుల్ నెవర్ చేంజ్' అనే పాటలు తొలి వినికిడిలోనే ఆకట్టుకుంటాయి. తరువాతివి మెల్లగా లోపలికి దిగుతాయి. లోపాలు లేవని కాదు. 13 పాటలు ఎక్కువ. నడుమ ఒకటి రెండు పాటలు ఒకదానినుంచి ఒకటి విడదీసి గుర్తుపట్టలేనట్టున్నాయి. కత్తెర పట్టగల సంపాదకుడు ఒకడు ఉంటే మూడింటిని తీసేసేవాడు. గాయకుడు కొన్నిచోట్ల మాటలను మింగుతాడు. సాహిత్యప్రియులకు అది అపరాధమే. అయినా ఆల్బమ్ పూర్తయ్యాక ఒక మనిషితో కొంతసేపు గడిపినట్టుంటుంది. 'నూ ఢిల్లీ' పూర్తయ్యాక ఒక సభ నుంచి బయటికి వచ్చినట్టుంటుంది. దేశభాషలో పాడిన బృందం కంటె ఇంగ్లీషులో పాడిన బృందమే మాకు దగ్గరగా తోచడం మాకే కొంత ఇబ్బంది కలిగించింది. కాని విన్నది విన్నట్టు చెప్పకపోతే సమీక్ష ఎందుకు?

రాక్ సంగీతాన్ని స్వంత భాషలో పాడాలన్న ఆలోచన మన దేశంలో పాతదే. 1975లో కలకత్తాలో గౌతమ్ చట్టోపాధ్యాయ్ తదితరులు స్థాపించిన మొహీనేర్ ఘోరాగులి బెంగాలీలోనే పాడింది. ఆ రోజుల్లో వారిని పట్టించుకున్నవారు కొద్దిమంది. ఆదరణ చాలా ఆలస్యంగా వచ్చింది. 2008లో కేరళకు చెందిన అవియల్ బృందం తన పేరుతోనే వెలువరించిన ఆల్బమ్‌లో అన్నీ మలయాళ పాటలే. మన పక్క క్వార్టర్లలోని మలయాళీ మిత్రులను అడిగి చూడండి, ఆ పాటలు తెలియనివారు అరుదు. ఈ వరుసలో అన్నిటికంటె మా మనసుకు పట్టినది ఇండియన్ ఓషన్ బృందం 2000లో తెచ్చిన 'కందీసా'. అందులో 7 పాటలే. 'మా రేవా' నర్మదా లోయలో పుట్టిన జానపదం. బృందంలోని రాహుల్ రామ్ నర్మదా ఉద్యమంలో పనిచేసినవాడు. 'హిల్లే లే' గోరఖ్ పాండే రాసిన భోజ్‌పురీ గీతం. చివరి పాట 'కందీసా' కేరళ సిరియన్ క్రైస్తవుల అరమాయిక్ ప్రార్థన. పాడినవారిలో ఎవరికీ అది మాతృభాష కాదు. వినేవారిలో నూటికి తొంభై తొమ్మిది మందికి ఒక్క మాట అర్థం కాదు. అయినా 2009లో కన్నుమూసిన అసీం చక్రవర్తి గొంతులో ఆ ఆలాపన విన్నవారెవరూ అది పరాయి పాట అనరు. భాష దగ్గరిదైనంత మాత్రాన పాట దగ్గరిది కాదు, దూరమైనంత మాత్రాన దూరం కాదు. నోటిలో మాట ఎంత నిజాయితీగా నిలిచిందన్నదే లెక్క.

తెలుగువారమైన మనకు ఈ చర్చ ఎందుకంటే, ఆ స్థాయిలో ఇంటింటికీ చేరిన తెలుగు రాక్ ఆల్బమ్ మన దగ్గర లేదు. మన పాటను సినిమా మొత్తంగా తన ఒడిలోకి తీసుకుంది. అది గారాబమే కాని, ఒడి దిగి నడవవలసిన బిడ్డ నడక నేర్వలేదు. వాద్యాలకు కొదవా? ఢోల్ చేసిన పనిని మన డప్పు చేయలేదా? అనంతపురం ఉరుముల హోరు, ఉత్తరాంధ్ర జముకు గుమ్మటింపు ఏ డ్రమ్స్‌కు తీసిపోతాయి? టౌన్‌షిప్‌లో గిటార్ నేర్చుకుంటున్న పిల్లలను మేము ఎరుగుదుము. తండ్రి బదిలీలతో మూడు రాష్ట్రాలలో చదివి, ఇంట్లో తెలుగు, మైదానంలో హిందీ, తరగతిలో ఇంగ్లీషు మాట్లాడే పిల్లలు వారు. ఏ భాషలో పాడాలో వారికి తేలడం లేదు. తెలుగులోనే పాడమని మేము ఆజ్ఞాపించబోము. కాని తమకు తెలిసిన విషయాన్ని, అంటే తెల్లవారుజాము షిఫ్టు సైరన్‌నో, బదిలీ ఉత్తర్వు వచ్చిన రోజు విడిపోయిన స్నేహాన్నో, తమకు సహజంగా వచ్చే మాటలలో పాడి, రిక్రియేషన్ క్లబ్ వార్షికోత్సవంలో వినిపించమని కోరుతాము. ప్రతి ఏటా అవే నాలుగు సినిమా పాటలు విని అందరికీ విసుగు పుట్టింది. తల్లిదండ్రులు కూడా గిటార్‌ను పరీక్షల శత్రువుగా చూడడం కొంత తగ్గించాలని మనవి.

ఈ సందర్భంగా తల్లిదండ్రుల ఉత్తరాలలోని ఒక ఆందోళనకు జవాబు. చెవులకు హాని చేసేది రాక్ కాదు, శబ్ద పరిమాణమూ వినే కాలమూ. పెద్దవారికి 80 డెసిబెల్స్ చొప్పున వారానికి 40 గంటలు, పిల్లలకు 75 డెసిబెల్స్ చొప్పున అంతే కాలం పరిమితిగా ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. శబ్దం పెరిగేకొద్దీ వినదగిన కాలం వేగంగా తగ్గిపోతుంది. ఈ లెక్క భక్తిగీతాలకు కూడా వర్తిస్తుంది.

వినదలచిన పెద్దలు మొదట 'కందీసా' చివరి పాటతో ప్రారంభించడం మంచిది. తరువాత ఒక ఆదివారం సాయంకాలం 'బేటా'ను ఫోనులో వరుస మార్చకుండా మొదటి నుంచి పెట్టండి. ఏడవ, ఎనిమిదవ పాటల వద్ద లేచి టీ పెట్టుకోవచ్చు. 'నూ ఢిల్లీ'ని మాత్రం పిల్లలనే అడిగి వినిపించుకోవాలి, 'తడ్కా' నుంచి మొదలుపెట్టమని చెప్పి.