తెలుగు తెలియని ఫ్లాయిడ్

దుత్తలూరులో మా అవ్వ కథ చెబుతుంటే మేం ఊ కొట్టాలి. ఊ కొట్టకుంటే కథ ఆగిపోయేది. 1983లో అమెరికాలోని ఇన్ఫోకాం సంస్థ ఇంటి కంప్యూటర్ల కోసం విడుదల చేసిన 'ప్లానెట్‌ఫాల్' ఆట కూడా అలాంటిదే. స్టీవ్ మెరెట్‌స్కీ రాసిన ఈ ఆటలో ఒక్క బొమ్మ లేదు, అన్నీ అక్షరాలే. మనం అంతరిక్ష నౌకలో నేల తుడిచే చిన్న ఉద్యోగి. నౌక పేలిపోతే నిర్మానుష్యమైన గ్రహం మీద పడతాం. అక్కడ తోడు దొరికే మరమనిషి ఫ్లాయిడ్. చంటిపిల్లాడిలా అల్లరి చేసి, ఒకచోట మనకోసం ప్రాణం విడుస్తాడు. ఆ ఘట్టం దగ్గర నేను ఏడ్చాను, దాచుకోవడం దేనికి?

అయితే అక్కడిదాకా చేరడానికి నాకు నిఘంటువు కావలసివచ్చింది. తలుపు తెరవాలని తెలుసు. ఇంగ్లీషులో ఏ మాట కొడితే తెరుచుకుంటుందో తెలీదు. తెలివి చాలక ఓడితే ఒప్పుకుంటాను. భాష రాక ఓడిపోవడం ఏం న్యాయం?

"మన భాషలో కుదరదబ్బా" అంటారు కొందరు. కష్టమే. ఇంగ్లీషులో క్రియ ముందు, వస్తువు తర్వాత, విడివిడిగా ఉంటాయి. మనకు 'పెట్టెలో', 'పెట్టెలోంచి', 'పెట్టెమీద' అన్నీ ఒకే మాటకు అతుక్కుంటాయి, క్రియ చివర వస్తుంది. కష్టమంటే అసాధ్యం కాదు గదా! 1991లోనే యూనికోడ్‌లో తెలుగు లిపికి చోటు దొరికింది. బొమ్మలు గీయనక్కర్లేదు. వ్యాకరణం తెలిసిన తెలుగు విద్యార్థి, కంప్యూటర్ విద్యార్థి కలిసి కూర్చుంటే చాలు.

కథను ఉదయగిరి కోట మీదే మొదలుపెట్టండి. మా ఊరి పిల్లోడు "తలుపు తియ్యి" అని కొడితే తలుపు తెరుచుకోవాలి.